సహధర్మచారిణి కస్తూరిబా

సంసారమను బండికి సతీపతులు రెండు చక్రములని పెద్దలందురు. పెండ్లినాడు ఈ మాట వినుటకు ఇంపుగా నుండును. ఇంట బిడ్డ పుట్టిన పిమ్మట గాని దాని బరువు తెలియదు. నడురేయి ఏడ్చు బిడ్డను ఎవరెత్తుకొనవలెను? జ్వరము తగిలిన బిడ్డకు ఏ చికిత్స చేయింపవలెను? ఏ చదువు చెప్పింపవలెను? చేతికి వచ్చిన సొమ్ము లోకమునకా, కన్నబిడ్డలకా? అంతవరకు లేని తగవులు ఈ ప్రశ్నలతో గడప దాటి లోనికి వచ్చును. అవి రాని ఇల్లు లేదు. జాతిపితయని లోకము కొనియాడిన గాంధీజీ ఇంటిలోను అవి వచ్చినవి.

ఆ ఇంటి ఇల్లాలు కస్తూరిబా. ఆమెను భర్త వెంట నడచిన నీడగా మాత్రమే తలచువారు పెక్కుమంది. ఆమె జీవితమును నిదానముగా పరిశీలించినవారికి వేరొక రూపము కన్పట్టును. అరువదేండ్లకు మించిన దాంపత్యమున ఆమె భర్తతో అనేక పర్యాయములు విభేదించెను. కొన్నిట ఓడెను, కొన్నిట గెలిచెను, కొన్నిట ఇరువురును మారిరి. బిడ్డలకు సేవ చేయుటలో భర్త ఆమెతో సమభాగము పంచుకొనెను. బిడ్డల భవిష్యత్తును నిర్ణయించుటలో మాత్రము ఆమెకు ఆ భాగము దక్కలేదు. మొదటిదాని వలన ఆ ఇల్లు నిలిచెను. రెండవదాని వలన ఆ ఇంట మానని గాయమొకటి మిగిలెను.

పదుమూడేండ్ల వధూవరులు

కస్తూరిబా 1869వ సంవత్సరమున కాఠియావాడులోని పోరుబందరు పట్టణమున జన్మించెను. తండ్రి గోకులదాసు మకన్‌జీ కపాడియా పేరుగల వర్తకుడు. అదే సంవత్సరము అక్టోబరు 2వ తేదీన అదే ఊర మోహనదాసు కరంచందు గాంధి జన్మించెను. పదుమూడేండ్ల ప్రాయమున ఈ ఇరువురికి వివాహము జరిగెను. వ్యయము కలిసివచ్చునని పెద్దలు మోహనదాసు అన్నకును, జ్ఞాతియగు మరియొక బాలునకును అదే సమయమున పెండ్లిండ్లు చేసిరి.

కస్తూరిబా చదువు నేర్వలేదు. ఆమెకు అక్షరములు నేర్పవలెనని బాలభర్తకు కోరిక యుండెను గాని, అంతకు మించి అధికారము చెలాయింపవలెనను కోరిక యుండెను. తన అనుమతి లేక ఆమె గుడికి గాని, చెలుల ఇండ్లకు గాని పోరాదని శాసించెను. ఆమె బిగ్గరగా కలహింపలేదు, లొంగనూ లేదు. పోవలసిన చోటికి పోవుచునే యుండెను. అతడెంత బిగించిన ఆమె అంత స్వేచ్ఛగా మెలగెను. ఒకరితో నొకరు మాటలాడని దినములు ఆ పసివారి కాపురమున మామూలయ్యెను. గుడికి పోవుటలో ఆ బాలికకు ఏ దోషము గలదని తాను అడ్డు చెప్పితినని గాంధీజీయే పిమ్మట ఆత్మకథలో పశ్చాత్తాపపడెను.

1885లో మామగారు కరంచందు మరణించిన దినములలోనే కస్తూరిబాకు తొలిబిడ్డ పుట్టి, మూడు నాలుగు దినములకే కన్నుమూసెను. అప్పటికామెకు పదునారేండ్లు. 1888లో హరిలాలు జన్మించెను. బిడ్డ ఇంకను చంకలో నుండగనే, ఆ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన భర్త న్యాయశాస్త్రము చదువుటకై ఇంగ్లండునకు ఓడ యెక్కెను. ఆయన 1891లో మరలివచ్చువరకు హరిలాలునకు తండ్రి మోము తెలియదు. మరలివచ్చిన పిమ్మటను భర్త అనుమానములు తీరలేదు. ఒకసారి ఆమెను పుట్టింటికే పంపివేసి, మిక్కిలి దుఃఖపెట్టిన తరువాత గాని మరల పిలువలేదు. 1892లో మణిలాలు పుట్టెను. 1893లో గాంధీజీ దక్షిణాఫ్రికాకు వెడలెను. ఈ రీతిగా పెండ్లియైన తొలి పది పన్నెండేండ్లలో బిడ్డల పెంపకము యావత్తును ఉమ్మడి కుటుంబపు నీడలో తల్లిమీదనే నడచెను.

డర్బను గృహము

1896లో గాంధీజీ స్వదేశమునకు వచ్చి, భార్యను, ఇరువురు కుమారులను, వితంతువైన అక్కగారి కుమారుడు గోకులదాసును వెంటబెట్టుకొని మరల ఓడ యెక్కెను. నాగరికులుగా కన్పట్టవలెనని వారి దుస్తులను ఆయనయే నిర్ణయించెను. కస్తూరిబాకు పార్సీ వారి రీతి చీరకట్టు, బిడ్డలకు పార్సీ కోటు, పంట్లాము, అందరికిని మేజోళ్లు, బూట్లు. ఎన్నడును ఎరుగని బూట్లలో వారి పాదములు పుండ్లుపడినవి. భోజనమునకు కత్తి, ముల్లుగరిటె పట్టవలసి వచ్చెను. కొంతకాలమునకు ఆయనకే ఆ వేషముపై మోజు తగ్గి, ఆ ముల్లుగరిటెలు మూల బడినవి. కట్టుకొను బట్టవరకు ఒక్కరే నిర్ణయించుటయు, మరల ఒక్కరే మార్చుటయు ఆ నాటి ఇంటి పద్ధతి.

ఆ సంవత్సరము డిసెంబరు 18వ తేదీన ఓడ డర్బను చేరెను. దిగుటకు మాత్రము 1897 జనవరి 13వ తేదీ వరకు వీలుపడలేదు. కస్తూరిబాయు బిడ్డలును బండిలో ముందుగా పార్సీ రుస్తుంజీ ఇంటికి చేరిరి. వెనుక నడచి వచ్చిన గాంధీజీని తెల్లవారి గుంపు కొట్టెను. పోలీసు సూపరింటెండెంటు భార్య అడ్డుపడి కాపాడెను. ఆ రాత్రి గుంపు రుస్తుంజీ ఇంటిని చుట్టుముట్టినది. ఇల్లును, ఇంటివారును దక్కవలెనన్నచో మారువేషమున తప్పించుకొనుడని సూపరింటెండెంటు హెచ్చరింపగా గాంధీజీ ఆ రీతినే చేసెను. కొత్త దేశము, తెలియని భాష, గాయపడిన భర్త, వెలుపల అరపులు. ముగ్గురు బాలురను దగ్గర నుంచుకొని ఆమె ఆ రాత్రి గడపెను. పరదేశ సంసారమునకు ఇది ఆరంభము.

డర్బనులో రామదాసు పుట్టెను. 1900 మే 22వ తేదీన దేవదాసు పుట్టెను. ఈ ఇరువురి శైశవమున గాంధీజీ నడవడి, ఆ కాలపు మగవారి నడవడికి మిక్కిలి భిన్నముగా నుండెను. ప్రసూతిని గూర్చియు, శిశుపోషణను గూర్చియు వైద్యుడు త్రిభువనదాసు గుజరాతీలో వ్రాసిన గ్రంథమును ఆయన శ్రద్ధగా చదివెను. పనిమనిషిని రెండు మాసములకు మించి ఉంచలేదు. ఆమెయు తల్లికి తోడ్పడుటకే గాని, పసివాని పనులు చూచుటకు కాదు. ఆ పనులన్నియు తండ్రియే చేసెను. దేవదాసు పుట్టిన దినమున నొప్పులు హఠాత్తుగా వచ్చెను. వైద్యుడు వెంటనే దొరకలేదు. మంత్రసానిని పిలుచుకొని వచ్చునంతటి వ్యవధి లేదు. గాంధీజీయే దగ్గరనుండి కాన్పు సురక్షితముగా జరిపెను. పేరుమోసిన న్యాయవాది యొకడు, పురిటిగదిలో అడుగిడుటయే తప్పని తలచు దినములలో, తన చేతులతో బిడ్డను అందుకొనెను. బిడ్డను పెంచుటకు తల్లికెంత ఎరుక వలయునో తండ్రికిని అంతయే వలయునని ఆయన స్థిరపరచుకొనెను.

గుమ్మము చెంత తగవు

సేవ పంచుకొన్నంత మాత్రమున అధికారము పంచుకొన్నట్లు కాదు. 1898లో జరిగిన ఒక సంఘటన ఈ భేదమును తెలుపును. గాంధీజీ వద్ద పనిచేయు గుమాస్తాలు కొందరు ఆ ఇంటనే నివసించుచుండిరి. ఆ ఇంటి గదులలో నీరు పోవు తూములు లేవు. ప్రతి గదిలోను మూత్రపాత్ర లుంచెడివారు. అలవాటుపడిన గుమాస్తాలు తమ పాత్రలు తామే శుభ్రపరచుకొనిరి. కొత్తగా వచ్చినవాని పాత్రను ఇంటివారు తీయవలెను. అట్లు వచ్చినవాడు పంచమకులమున పుట్టిన క్రైస్తవుడు. ఇతరుల పాత్రలను తీసిన కస్తూరిబాకు, తాను పెరిగిన ఆచారము వలన, ఇది దుస్సహమయ్యెను. భర్త తీయుటయు ఆమె సహింపలేదు. కంట నీరు కారుచుండగా, పాత్ర చేతబట్టుకొని నిచ్చెన దిగి వచ్చెను.

అస్పృశ్యత పాపమని గాంధీజీ తలచుటలో దోషము లేదు. ఆమె ఏడ్చుచు చేసిన పనితో తృప్తిపడక, సంతోషముతో చేయవలెనని గద్దించుట దోషము. ఆయన ఇల్లు ఆయననే ఏలుకొమ్మని, తనను పోనిమ్మని ఆమె అనెను. ఆయన కోపము పట్టలేక ఆమె చేయి పట్టి గుమ్మము వరకు ఈడ్చుకొని పోయి తలుపు తెరవబోయెను. అప్పుడామె, తల్లిదండ్రులు గాని, బంధువులు గాని లేని పరదేశమున తానెక్కడికి పోగలనని, భార్యనగుట వలన దెబ్బలును ఓర్వవలెనా యని, సిగ్గు తెచ్చుకొని తలుపు మూయుమని ధైర్యముగా పలికెను. ఆయన సిగ్గుపడి తలుపు మూసెను.

ఈ వృత్తాంతమును లోకమునకు తెలిపినది మరెవ్వరో కాదు, గాంధీజీయే. తన దోషమును తానే వ్రాసి ఉంచెను. న్యాయమైన మాటయైనను బలవంతముగా చెప్పినపుడు అన్యాయమగునని ఆయనకు ఇంటిలోనే తెలియవచ్చెను. అహింసా మార్గమున తనకు భార్యయే గురువని, తన మూఢత్వమునకు లొంగక, ఓర్పుతో సహించుటవలన ఆమె తనకు సిగ్గు కలిగించెనని ఆయన పిమ్మట తెలిపెను.

నగల తగవు

1901లో గాంధీజీ స్వదేశమునకు మరలి రాదలచినపుడు నాటాలు భారతీయులు ఆయనకు బంగారు, వెండి, వజ్రపు కానుకల నిచ్చిరి. అందు యాబది గినీల విలువగల బంగారు హారము కస్తూరిబాకై ఇచ్చినది. ప్రజాసేవకు ప్రతిఫలము గొనరాదని గాంధీజీ రాత్రియంతయు ఆలోచించి, ఆ కానుకలన్నిటిని సంఘమునకే ధర్మనిధిగా వ్రాసి యిచ్చుటకు నిశ్చయించెను. భార్య అంగీకరింపదని ఎరిగి, ముందుగా కుమారులను ఒప్పించి, వారిచేత తల్లికి చెప్పించెను.

కస్తూరిబా వాదము త్రోసివేయదగినది కాదు. తనకు నగలు వలదు. బిడ్డలు తండ్రి చెప్పినట్లు ఆడుదురు. కాని రేపు కోడండ్రు వత్తురు, వారికేమి పెట్టవలెను? రేపటి దినమెట్లుండునో ఎవరికి తెలియును? ప్రేమతో ఇచ్చినదానిని తిరిగి యిచ్చుటెందుకు? ఆ హారము తనకై ఇచ్చినదే గదా. అది తన సేవకు ఇచ్చినదని భర్త అనగా, ఆయన చేసిన సేవలో తన సేవయు లేదా యని ఆమె అడిగెను. రేయింబవళ్లు వచ్చినవారికెల్ల వండిపెట్టి, చాకిరి చేసి తాను పడిన శ్రమ సేవ కాదా యని నిలదీసెను. ఈ ప్రశ్న సూటిగా తగిలినదని గాంధీజీ ఒప్పుకొనెను. అయినను తన నిశ్చయము మార్చలేదు. ఆమె సమ్మతిని ఎట్లో రాబట్టి, నగలను ధర్మకర్తల పరముగా బ్యాంకులో ఉంచెను.

నిశ్చయము గొప్పది, దానిని పొందిన మార్గము అంత గొప్పది కాదు. బిడ్డలను ఒకరి పక్షమున చేర్చుకొని రెండవవారిని ఒంటరిని చేయుట ఏ ఇంటిలోనైనను తగవును తీర్చదు, మరుగుపరచును. ఇంటిచాకిరి కూడ లోకసేవలో భాగమేయను కస్తూరిబా మాటకు ఆనాడు సమాధానము రాలేదు.

తిరుగలి, ఉప్పు, పప్పు

1902లో బొంబాయిలో పదేండ్ల మణిలాలునకు విషజ్వరము వచ్చెను. వైద్యుడు గ్రుడ్లు, మాంసరసము ఇయ్యవలెననెను. గాంధీజీ వాటిని నిరాకరించి, తడిబట్ట చుట్టు జలచికిత్స చేసెను. మిక్కిలి భయముతో ఒక రాత్రి బిడ్డను తల్లికి అప్పగించి, కొంత ఊరట కొరకు వీధిలో తిరిగివచ్చెను. ఆ వేళ మంచము చెంత కూర్చున్నది కస్తూరిబా. బిడ్డ కోలుకొనెను. ఆ సంవత్సరాంతమున భర్త మరల దక్షిణాఫ్రికాకు పోగా, ఆమె 1904లో మణిలాలు, రామదాసు, దేవదాసులతో జోహాన్నెస్‌బర్గు చేరెను. ఓడలో రామదాసు చేయి విరుగగా, గాంధీజీయే ప్రతిదినము మట్టిపట్టు వేసి కట్టు కట్టెను. నెలదినములలో గాయము మానెను.

జోహాన్నెస్‌బర్గు ఇంటిలో పనుల పంపకము కొత్త రూపు దాల్చెను. ఏడు పౌనులు పెట్టి ఒక ఇనుప తిరుగలి కొనిరి. దాని బరువు ఒక్కరు త్రిప్పుటకు ఎక్కువ. ఇరువురు త్రిప్పిన సులభము. గాంధీజీ, వారితో కలిసి నివసించిన పోలాకు, బాలురు దినమును పిండి విసరెడివారు. వంట వేళ గనుక కస్తూరిబా అప్పుడప్పుడు మాత్రమే చేయి కలిపెడిది. మరుగుదొడ్డి శుభ్రతయు ఇంటివారి పనియే. పాకీవాడు మలమును కొనిపోవును గాని, దొడ్డిని కడుగుట వీరి వంతు. ఆ ఇంట పెరిగిన బాలురు ఏ పనిని నీచమని తలపలేదు. ఉదయమున తండ్రితో కచ్చేరికి నడచిపోయి వచ్చు అయిదు మైళ్ల దారి వారికి పాఠశాల యయ్యెను. తల్లి ఒంటిగా మోసిన భారము నలుగురి చేతులకు చేరినదిక్కడనే.

1906లో గాంధీజీ బ్రహ్మచర్య వ్రతము పట్టెను. ఆ ఆలోచనను చిరకాలము తనలోనే ఉంచుకొని, పట్టు సమయమున మాత్రము భార్యకు తెలిపెను. ఆమె అడ్డు చెప్పలేదు.

1908–09 నడుమ కస్తూరిబాకు రక్తస్రావ వ్యాధి ముదిరి డర్బనులో శస్త్రచికిత్స జరిగెను. ఆమె మిక్కిలి నీరసించి యుండగా వైద్యుడు గోమాంస రసము ఇయ్యవలెననెను. గాంధీజీ జోహాన్నెస్‌బర్గు నుండి పరుగున వచ్చెను. ఈసారి ఆయన నిర్ణయమును ఆమెకే వదలెను. తన మాట వినవలసిన పనిలేదని, ఇష్టమున్న తీసికొనవచ్చునని చెప్పెను. ఆమె ప్రాణము పోయినను గ్రహింపనని స్థిరముగా పలికెను. వైద్యుడు అట్లైన తన ఇంట ఉంచుకొనననగా, చినుకులు పడుచుండగా ఆమెను ఫీనిక్సు ఆశ్రమమునకు కొనిపోయిరి. రైలుస్టేషను నుండి ఆరుగురు మనుష్యులు ఊయలవంటి డోలీలో మోసిరి. దారిలో ధైర్యము చెప్పినది రోగియే.

రక్తస్రావము మరల కనిపింపగా ఉప్పును పప్పును మానుమని గాంధీజీ ఆమెను వేడుకొనెను. ఆమె ఒప్పుకొనలేదు, వాటిని మానుమన్న భర్తయు మానజాలడని సవాలు చేసెను. అంతట ఆయన ఆ క్షణమే ఏడాది పాటు రెండిటిని మానెదనని ప్రతిజ్ఞ చేసెను. ఆమె బెదరిపోయి, తాను మానెదనని, ఆయన మాట వెనుకకు తీసికొనుమని ప్రాధేయపడెను. ఆయన తీసికొనలేదు, ఆమె కన్నీరు కార్చెను. గుమ్మము వరకు ఈడ్చిన చేయియే ఇప్పుడు తన కంచములోని ఉప్పును తొలగించినది. ఎదుటివారిని మార్చుటకు ముందు తాను మారుట యను మార్గము పదేండ్లలో ఆ ఇంటిలోనే రూపొందెను.

చదువు తెచ్చిన చీలిక

ఇంతవరకు చెప్పిన తగవులన్నియు ఎట్లో ఒక తీరు తీరినవి. తీరనిది కుమారుల చదువు. డర్బనులో తెల్లవారి బడులు గాంధీజీ బిడ్డలను ప్రత్యేక దయగా చేర్చుకొనుటకు సిద్ధమైనను, ఇతర భారతీయ బాలురకు లేని సదుపాయము తన బిడ్డలకు వలదని ఆయన నిరాకరించెను. ఏడు పౌనుల జీతముతో ఒక ఆంగ్ల ఉపాధ్యాయిని నుంచెను. అదియు తృప్తి నీయలేదు. తానే చెప్పబూనెను గాని, ప్రజాకార్యములు తీరిక నీయలేదు. బిడ్డలకు తగినంత సమయము ఇయ్యజాలక పోతినని ఆయనయే ఒప్పుకొనెను. శీలమును స్వేచ్ఛయు బడిచదువు కంటె మిన్నయని మాత్రము తుదివరకు నమ్మెను.

హరిలాలు తండ్రి పోరాటమున పలుమార్లు చెరసాలకు పోయెను. అతనిని చిన్న గాంధియని ప్రజలు పిలిచిరి. అతని కోరిక తండ్రివలె ఇంగ్లండునకు పోయి చదువవలెనని. మిత్రుడు ప్రాణజీవన మెహతా విద్యార్థివేతన మిచ్చుటకు ముందుకు రాగా, గాంధీజీ తన కుమారుని కాక ఆశ్రమవాసియగు ఛగన్‌లాలును పంపెను. ఛగన్‌లాలు అనారోగ్యముతో మరలిరాగా, రెండవ పర్యాయమును హరిలాలునకు కాక సొరాబ్జీ అడాజానియాకు ఆ అవకాశము దక్కెను. 1911లో హరిలాలు ఇల్లు విడిచెను. అహమదాబాదులో మెట్రిక్యులేషనుకు చదివి మరల మరల తప్పెను.

సొంతబిడ్డకు పక్షపాతము చూపరాదను నియమము ప్రజానాయకునకు శోభనిచ్చును. కాని ఆ నియమపు మూల్యమును చెల్లించినది బిడ్డ. దానిని చూచుచు భరించినది తల్లి. ఒకవైపు భర్త వ్రతము, మరియొకవైపు కుమారుని దుఃఖము. ఆమె ఇరువురిలో ఎవరిని విడువలేదు. 1918లో హరిలాలు భార్య ఇన్ఫ్లుయెంజాతో మరణించెను. అతడు త్రాగుడునకు లోబడెను. తల్లిలేని మనుమల పోషణలో కస్తూరిబా ముదిమిలో మరల తల్లి యయ్యెను.

కారాగారము, ఆశ్రమము

1913 మార్చి 14వ తేదీన కేపు న్యాయస్థానము క్రైస్తవ విధిని జరుగని వివాహములు చెల్లవని తీర్పు చెప్పెను. ఆ తీర్పు ప్రకారము భారతీయ స్త్రీలు భార్యలు కారు, వారి బిడ్డలు వారసులు కారు. గాంధీజీ ఇతర స్త్రీలతో సత్యాగ్రహమును గూర్చి ముచ్చటించెను గాని, బలవంతము చేసినట్లగునని భార్యతో ప్రస్తావింపలేదు. ఆ మాటలు ఆమె చెవిని పడెను. తనలో ఏ లోపము గలదని తనకు చెప్పలేదని ఆమె అడిగెను. భర్తయు బిడ్డలును ఓర్చినదానిని తానేల ఓర్వలేనని వాదించెను. ఆమె ఇష్టపూర్వకముగా ఫీనిక్సు నుండి బయలుదేరిన పదునారుగురి జట్టులో చేరెను. కుమారుడు రామదాసు ఆ జట్టులోనివాడే. సెప్టెంబరు 23వ తేదీన మూడు మాసముల కఠినశిక్ష పడెను. డిసెంబరులో విడుదలైనపుడు ఆమె చిక్కి శల్యమై యుండెను. తరువాతి మాసములలో భర్తయే ఆమెకు సపర్యలు చేసెను.

1915లో స్వదేశమునకు వచ్చి కోచరబులో ఆశ్రమము స్థాపించిరి. దూదాభాయి యను అంత్యజుడు, అతని భార్య దానీబెన్, పసిబిడ్డ లక్ష్మి ఆశ్రమమున చేరినపుడు కస్తూరిబా తొలుత ఇష్టపడలేదు. నాటి డర్బను కలహమే మరల ఎదురయ్యెను. గాంధీజీ మాట కఠినముగనే యుండెను గాని, ఈసారి ఎవరును ఎవరిని ఈడ్వలేదు. కాలక్రమమున ఆ లక్ష్మియే ఆ ఇంటి కుమార్తెగా పెరిగెను. ఆచారమును తల్లితనము జయించెను.

1917లో కస్తూరిబా చంపారనుకు పోయి పల్లె స్త్రీలకు శుభ్రతను బోధించెను. ఆపై సంవత్సరము గాంధీజీ రక్తగ్రహణితో మృత్యుముఖమున నుండెను. పాలు త్రాగనని ఆయనకు వ్రతము. అప్పుడు కస్తూరిబా ఆ వ్రతము పట్టినపుడు ఆయన మనస్సున నున్నవి ఆవుపాలు, గేదెపాలు మాత్రమేయని, మేకపాలకు అడ్డులేదని వాదించెను. ఆయన ఆ వాదమునకు తలయొగ్గి మేకపాలు గ్రహించి బ్రతికెను. చదువురాని ఇల్లాలు న్యాయవాదిని వాదమున గెలిచినది.

అన్నియు ఇట్లు మధురముగా ముగియలేదు. 1929లో ఎవరో కానుకగా ఇచ్చిన నాలుగు రూపాయలను ఆమె ఆశ్రమ కచ్చేరిలో జమ చేయలేదని గాంధీజీ నవజీవన్ పత్రికలో వ్రాసి లోకమునకు చాటెను. ఆమె దానిని మౌనముగా సహించెను. ఇంటి తప్పును వీధిలో పెట్టుట సత్యనిష్ఠకు చిహ్నమో, సహధర్మచారిణికి అవమానమో పాఠకులే యోచింపదగును.

కట్నీ రైలుస్టేషనులో జరిగిన ఒక చిన్న ఉదంతము ప్రసిద్ధము. తల్లిదండ్రులు రైలులో పోవుచుండగా, చినిగిన బట్టలతో హరిలాలు ఎదురువచ్చి, తల్లికి మాత్రము జయధ్వానము చేసి, ఒక నారింజపండును ఆమె చేతికిచ్చెను. అది తల్లికే గాని తండ్రికి కాదనెను. తండ్రి గొప్పతనమంతయు తల్లివలననే వచ్చినదని గుర్తుంచుకొనుమనెను. గాంధీజీ దానిని కాదనలేదు. రైలు కదలిన పిమ్మట, కొడుకునకు తినుటకేమియు ఈయలేదని తల్లి తల్లడిల్లెను. డర్బనులో ఆమె అడిగిన ప్రశ్నకు, ఆయన సేవలో తన సేవ లేదా యన్న ప్రశ్నకు, తప్పిపోయిన కుమారుడు ఇన్నాళ్లకు బదులు చెప్పెను.

శివరాత్రినాటి నిర్యాణము

1942 ఆగస్టులో దంపతులు నిర్బంధింపబడి పుణెలోని ఆగాఖాను భవనమున ఉంచబడిరి. అక్కడ గాంధీజీ డెబ్బది దాటిన భార్యకు భూగోళమును, చదువును నేర్పబూనెను. పదుమూడవయేట అధికారముతో నేర్పబోయి విఫలుడైన భర్త, ముదిమిలో ఓపికతో నేర్పెను. 1944 ఆరంభమున ఆమె గుండెజబ్బు ముదిరెను. హరిలాలు తుదిసారి మత్తులో వచ్చెను. ఆ స్థితిని చూచి ఆమె నొసలు కొట్టుకొని విలపించెను. దేవదాసు విమానముపై పెనిసిలిను తెప్పించెను. గంటగంటకు సూదులతో ఆమెను బాధింపవలదని గాంధీజీ కుమారునకు నచ్చజెప్పెను. దేవదాసు బాధతోనే అంగీకరించెను. ఆ ఇంటి తుది తగవు ఇట్లు ముగిసెను.

1944 ఫిబ్రవరి 22వ తేదీ, మహాశివరాత్రి పర్వదినమున, సాయంకాలము భర్త ఒడిలో తలయుంచి కస్తూరిబా శివసాయుజ్యము పొందెను. గాంధీజీ వడికిన నూలుతో నేసిన చీరను ఆమె దేహమునకు చుట్టిరి. ఆ భవనపు ఆవరణలోనే దహనము జరిగెను. దేశప్రజలు ఆమె పేర కోటి రూపాయలకు మించి నిధి సేకరించి, పల్లె స్త్రీల, బిడ్డల సేవకై వినియోగించిరి. 2004లో భారత ప్రభుత్వము బడికి దూరమైన బాలికల కొరకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములను ప్రారంభించెను; అవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెలలోను నడచుచున్నవి. కుమారుల చదువుకై కుమిలిన తల్లి పేరు బాలికల బడులపై నిలిచినది.

ఈ జీవితమునుండి గృహస్థులు గ్రహింపదగినది భర్తకు లొంగుట కాదు, భర్తతో పోరుట కాదు. బిడ్డకు స్నానము చేయించు తండ్రి, పిండి విసరు తండ్రి, రాత్రి మేలుకొను తండ్రి ఇంటికి వరము. కాని చేతిపనిలో భాగమిచ్చి, ఆలోచనలో భాగమీయనిచో ఆ పంపకము సగమే యగును. బిడ్డ చదువును గూర్చి, ఇంటి సొమ్మును గూర్చి నిశ్చయించుటకు ముందు ఇరువురును కూర్చుండి మాటలాడవలెను. ఎదిగిన బిడ్డను కూడ పిలిచి వినవలెను. విన్న పిమ్మట ఎవరి మాట నెగ్గినను అది ఇంటి మాట యగును. హరిలాలు విషయమున జరుగక పోయినది ఇదియే. తగవు వచ్చినందుకు ఏ దంపతులును సిగ్గుపడ నక్కరలేదు; తలుపు తెరచి పొమ్మన్నందుకు సిగ్గుపడి, మరల దానిని మూయగల మనస్సున్న చాలును.